మంచినీళ్ల గుంపు

సోమవారం పొద్దున పదకొండింటికి లెక్కలక్క నలభయ్యో ఎలుక లెక్క కూడా పూర్తిచేసి, మైక్రోస్కోపు మీంచి తలెత్తి, మెడ అటూ ఇటూ విరుచుకుంది.

రెండు వారాలుగా అదే పని. మగ ఎలుక వీర్యం బొట్టు ఒకటి గళ్లు గీసిన గాజుపలక మీద వెయ్యడం, పైన పల్చటి గాజుముక్క కప్పడం, ఒక్కో గడిలో ఎన్ని కణాలున్నాయో చేతిలోని కౌంటరు టిక్కుటిక్కున నొక్కుతూ లెక్కపెట్టడం. కదిలేవెన్ని, కదలనివెన్ని, తోక వంకరపోయినవెన్ని. పై గీత మీద పడ్డదాన్ని లెక్కలో వెయ్యాలి, కింది గీత మీద పడ్డదాన్ని వదిలెయ్యాలి. తొమ్మిదేళ్లుగా చేస్తున్న పనేమో, బస్సులో కూర్చుని కిటికీలోంచి కరెంటు స్తంభాలు చూస్తున్నా ఆమె బొటనవేలు దానంతటది ఆడుతుండేది. అందుకే ఆ పరిశోధనశాలలో చిన్నాపెద్దా అందరికీ ఆమె లెక్కలక్క.

ఇంట్లో మాత్రం ఆమె ఏం లెక్కపెడుతుందో ఎవరికీ తెలీదు. పెళ్లయిన కొత్తలో అత్తగారు అడిగితే "కణాలు" అంది.

"ఏం కణాలే?"

"ఎలుకల కణాలు, అత్తయ్యా."

"లెక్కపెట్టి?"

"పుస్తకంలో రాస్తాం."

కోడలి ఉద్యోగం మీద అత్తగారికి ఆ రోజే ఆశ పోయింది.

"అయిపోయిందా అక్కా?" అంటూ తలుపు తోసుకుని ఉల్లిపాప వచ్చింది. ఈ పరిశోధన ఆ అమ్మాయిదే. పాతికేళ్లుంటాయి. ఉల్లిపొట్టులోంచి పసుపుపచ్చటి పొడి తీసి, ఆ పొడి మగ ఎలుకల్ని ప్లాస్టిక్ దుమ్ము చేసే హాని నుంచి కాపాడుతుందా లేదా అని మూడేళ్లుగా దాని వెంటే పడింది. ఎంత స్నానం చేసినా దగ్గరికొస్తే ఉల్లివాసన. ఆ పేరు అలా స్థిరపడిపోయింది. చేతిలో లక్కముద్ర వేసిన కవరు ఉంది. ఏ నంబరు ఎలుక ఏ గుంపుదో అందులో రాసి ఉంది. లెక్కపెట్టేవాళ్లకి అది ముందుగా తెలియకూడదు. తెలిస్తే కన్ను మనసుకు నచ్చినట్టు చూస్తుంది.

"చింపమంటావా?"

"నీ కంగారుకి లోపలి కాగితం కూడా చిరుగుతుంది. ఇటివ్వు, నేను చింపుతాను" అంది లెక్కలక్క నవ్వుతూ.

నాలుగు గుంపులు, గుంపుకి పది ఎలుకలు. మొదటి గుంపుకి ఉత్త మంచినీళ్లు. రెండోదానికి కంటికి కనబడని ప్లాస్టిక్ దుమ్ము. మూడోదానికి ఆ దుమ్ముతో పాటు ఉల్లిపొట్టు పొడి. నాలుగోదానికి పొడి ఒక్కటే. అరవై రోజులు. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి ఒక్కో నంబరూ ఒక్కో గుంపులోకి చేర్చుకుంటూ పోయారు.

"అక్కా! మూడో గుంపు చూడు! రెండోదానికంటే ఎంత పైనుందో చూడు! పొడి పనిచేసింది! పనిచేసిందక్కా!" ఉల్లిపాప ఆమె భుజాలు పట్టుకుని ఊపేసింది. లెక్కలక్కకి తను నొక్కిన ఒక్కో టిక్కూ ఇప్పుడు బతికి లేచి నిలబడ్డట్టుంది.

అప్పుడు మొదటి గుంపు సగటు తీశారు. తీసి, మళ్లీ తీశారు. ఉల్లిపాప మొహంలో నవ్వు కాస్తకాస్తగా చల్లారింది. ఉత్త మంచినీళ్లు తాగిన ఎలుకలు దుమ్ము తిన్న ఎలుకలకంటే ఏ కొంచెమో నయం, అంతే. దుమ్మూ పొడీ రెండూ తిన్న మూడో గుంపు, పొడి ఒక్కటే తిన్న నాలుగో గుంపు వాటికంటే ఎంతో పైన ఉన్నాయి.

ప్రొఫెసరుగారు ఆ కాగితం కళ్లజోడు పైకెత్తి ఒకసారి, దించి ఒకసారి చూశాడు.

"మంచినీళ్లు తాగిన ఎలుకకంటే ప్లాస్టిక్ తిన్న ఎలుక బాగుందా? ఇది నేను నలుగురిలో చెబితే నవ్విపోతారు. బోనులు తారుమారయ్యాయి. ఒకటో గుంపు, మూడో గుంపు కలిసిపోయాయి. పెద్దాయన్ని పిలవండి."

పెద్దాయన ఎలుకల గది చూసుకునే మనిషి. రెండేళ్లలో పదవీ విరమణ. తడిచేతులు భుజాన మడిచి వేసుకున్న తువ్వాలుకి తుడుచుకునే అలవాటు. అలా తుడుచుకుంటూనే వచ్చి నిలబడ్డాడు.

"బోనులు మార్చావా?"

"లేదు సార్."

"కళ్లు సరిగ్గా కనబడుతున్నాయా? వయసు మీదపడ్డాక పొరపాట్లు జరుగుతాయి. ఒప్పుకుంటే పోయేదేముంది?"

"జరిగుంటే ఒప్పుకునేవాణ్ణి సార్."

"శుక్రవారం లోపల రాసివ్వు, ఎలా జరిగిందో. లేదంటే ఆ గదికి ఇంకో మనిషిని చూసుకుంటాను."

పెద్దాయన అప్పటికే పొడిగా ఉన్న చేతుల్ని మళ్లీ తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చూసి లెక్కలక్క మాట్లాడదామని నోరు తెరిచింది. కానీ తొమ్మిదేళ్లలో ప్రొఫెసరుగారి గదిలో ఆమె అంకెలు తప్ప ఇంకో మాట మాట్లాడి ఎరగదు.

*

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అత్తగారు చిక్కుళ్లు ఒలుస్తూ ఎదురుచూస్తోంది.

"శుక్రవారం సెలవు పెట్టు. కొత్త డాక్టరమ్మ దగ్గర వేళ దొరికింది. ఈవిడ చెయ్యి మంచిదట."

"పోయినసారి ఆవిడది కూడా మంచిదన్నారు అత్తయ్యా."

"ఆవిడది మంచిదే. నీ ఒళ్లే ఆవిడ మాట వినలేదు."

ఆరేళ్లలో ఇద్దరు డాక్టర్లయ్యారు, ఈవిడ మూడో మనిషి. రక్తం తీశారు, కడుపు మీద చల్లటి జిగురు రాసి తెరలో చూశారు, గొట్టాల్లో రంగునీళ్లు ఎక్కించి ఫోటోలు తీశారు. అంతా బాగానే ఉందని రాసిచ్చిన ప్రతిసారీ అత్తగారు ఆ రాతనే అనుమానించేది. భర్త సిటీబస్సు నడుపుతాడు. అప్పుడే డ్యూటీ దిగొచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఈ మాటలు మొదలైనప్పుడల్లా ఆయనకి కాళ్లు కడుక్కోవడానికి చాలాసేపు పట్టేది.

"అలాగే అత్తయ్యా" అని లెక్కలక్క కూడా ఓ పీట లాక్కుని చిక్కుళ్ల ముందు కూర్చుంది. మనసంతా ఎలుకల గదిలోనే ఉంది.

*

మంగళవారం అందరికంటే ముందు వెళ్లి నేరుగా ఎలుకల గది తలుపు తట్టింది. తొమ్మిదేళ్లలో ఆమె ఆ గడప దాటింది నాలుగుసార్లే. ఆ ఎలుకలు బతికుండగా చూడ్డం ఆమెకి ఇష్టముండేది కాదు.

"రా తల్లీ" అన్నాడు పెద్దాయన. మొహంలో కోపమేమీ లేదు. "నువ్వూ అడగడానికే వచ్చావా?"

"అడగడానికి కాదు బాబాయ్. చూడ్డానికి."

ఆయన చూపించాడు. మొదటి గుంపు బోనులకి తెల్లదారం, రెండోదానికి ఎర్రది, మూడోదానికి పసుపు, నాలుగోదానికి పచ్చ. ఆఫీసువాళ్లిచ్చే చీటీలు తడికి ఊడిపోతాయని దారాలు తనే కట్టాడు. ఎలుకల చెవి గుర్తులు రోజూ పొద్దునే ఒక నోటుపుస్తకంలో దించుకునేవాడు. అరవై రోజులకి అరవై పేజీలు. ఒక్క కొట్టివేత లేదు. పదిహేనో పేజీలో మాత్రం "ఆరో నంబరు తుమ్ముతోంది" అని ఉంది, పదహారులో "తగ్గింది" అని.

"ఇంత పక్కాగా ఉంటే నిన్న సార్‌కి చూపించలేదేం బాబాయ్?"

"చూపించమని అడగలేదు కదమ్మా. ఒప్పుకోమన్నారు."

మాట్లాడుతూనే ఆయన నీళ్లసీసాలు కడుగుతున్నాడు. అవి ప్లాస్టిక్ సీసాలు. ముందు సబ్బునీళ్లలో ముంచడం, గట్టి కుచ్చుబ్రష్షు లోపల పెట్టి గిరగిరా తిప్పడం, ఆ తర్వాత ఆవిరిపెట్టెలో పెట్టి ఉడికించడం. వారానికి రెండుసార్లు. లెక్కలక్క ఊరికే ఒక సీసా చేతిలోకి తీసుకుంది. ఒకప్పుడు అద్దంలా ఉండేదేమో, ఇప్పుడు పాలు కలిపినట్టు మసకబారిపోయింది. లోపల వేలు పెట్టి రాస్తే గరుగ్గా తగిలింది. కడిగి నింపిన ఇంకో సీసాని కిటికీ దగ్గరకి తీసుకెళ్లి ఎండకెత్తి పట్టుకుని ఒక్కసారి కుదిపింది.

నీళ్లలో ఏదో తళుక్కుమంది. సన్నగా, నలకల్లా. ఒక క్షణం గిర్రున తిరిగి కనబడకుండా పోయింది.

"బాబాయ్!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఈ సీసాలే కదా అన్ని గుంపులకీ పెట్టేది?"

"అన్నిటికీ ఇవే."

"తెల్లదారం వాటికి కూడా?"

"అవేం పాపం చేశాయమ్మా, నీళ్లు తాగొద్దూ?"

లెక్కలక్క సీసాని గుండెకి హత్తుకుని వసారా వెంబడి ఒక్క పరుగు తీసింది. ఆవిడ పరిగెత్తగలదని ఆ భవనంలో ఎవరికీ అప్పటిదాకా తెలీదు.

*

ఉల్లిపాప ముందు నమ్మలేదు. నమ్మాక ఆగలేదు. ఇద్దరూ కలిసి మంగళవారమంతా నీళ్లు వడగట్టారు. మంచినీళ్ల గుంపు సీసాలు పదీ తెచ్చి, ఒక్కోదానిలోని నీళ్లు ఒక్కో తెల్లటి వడకాగితం గుండా వదిలారు. అదే కుళాయి నీళ్లు గాజుసీసాల్లో కూడా పట్టుకుని వాటినీ అలాగే వడగట్టారు. నీళ్లది తప్పా, సీసాలది తప్పా అన్నది తేలాలి కదా. తమ బట్టల నలకలు పడతాయని గది ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ, మూతి మీద గుడ్డ కట్టుకుని పనిచేశారు. ప్లాస్టిక్‌ని పట్టుకుని వెలిగే ఎర్రరంగు మందు ఒకటుంటుంది. బుధవారం పొద్దున ఆ మందు చుక్కలు వడకాగితాల మీద వేసి, అరగంట ఆగి, దీపాలార్పి, నీలికాంతి మైక్రోస్కోపు కింద పెట్టారు.

ముందు గాజుసీసా కాగితం. చీకటి. అక్కడక్కడా ఒకటీ అరా చుక్క.

తర్వాత మంచినీళ్ల గుంపు కాగితం.

లెక్కలక్క కన్ను ఆనించింది. చీకట్లో వందల చుక్కలు నిప్పురవ్వల్లా మండుతున్నాయి. పీచుల్లాంటివి, పెచ్చుల్లాంటివి, పొడి రాల్చినట్టు గుట్టగా ఉన్నవి. చెయ్యి తనకు తెలీకుండానే కౌంటరు అందుకుంది. టిక్కు, టిక్కు, టిక్కు. వంద దాటేసరికి ఆమె పెదాలు బిగించి నవ్వుతోంది.

"ఏంటక్కా? ఏముంది? చెప్పవేంటి? జరుగు!"

ఉల్లిపాప ఆమెని పక్కకి తోసినంత పని చేసి చూసింది. చూసి ఒక్క కేక పెట్టింది. పక్కగదిలోంచి ఇద్దరు ముగ్గురు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు.

"మంచినీళ్ల గుంపు లేదక్కా! మన దగ్గర మంచినీళ్ల గుంపే లేదు! అవి కూడా ప్లాస్టిక్కే తాగాయి! పొడి తినలేదు కాబట్టి దెబ్బతిన్నాయి. మూడో గుంపు తింది, నిలబడింది! బోనులు మారలేదు. ఏదీ మారలేదు!"

ప్రొఫెసరుగారిని పిలిచింది లెక్కలక్కే. నడిచి వెళ్లి, తలుపు తట్టి, "సార్, ఒక్కసారి రావాలి" అంది. ఆయన వచ్చి కూర్చుని, మొదటి కాగితం చూశాడు, రెండోది చూశాడు, మిగతా తొమ్మిదీ ఒకటొకటిగా చూశాడు.

"సార్" అంది లెక్కలక్క. "మొదటి గుంపు నీళ్లని మనం ఎప్పుడైనా పరీక్షించామా?"

"దాన్నెందుకమ్మా పరీక్షించడం? అది బాగున్న గుంపు."

"బాగుందని అనుకున్నాం సార్. అనుకుని, బాగోలేదని తేలేసరికి పెద్దాయన మీద పెట్టాం."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. దీపాలు వేయించి పెద్దాయన్ని పిలిపించాడు.

"ఈ సీసాలు ఎప్పటివి?"

"పదకొండేళ్లవి సార్. గరుకు తేలాయి, మార్చమని మూడుసార్లు రాసిచ్చాను." పెద్దాయన నోటుపుస్తకం వెనక అట్టలోంచి మూడు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. మూడింటి మీదా మూల "తర్వాత చూద్దాం" అని, కింద ప్రొఫెసరుగారి సంతకం.

ఆయన తన సంతకాన్ని తనే చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత లేచి, తను కూర్చున్న కుర్చీని పెద్దాయన వైపు జరిపాడు. "కూర్చో. నువ్వు కూడా చూడాలి ఇది. శుక్రవారం నువ్వేమీ రాసివ్వక్కర్లేదు. నేనే రాస్తాను."

పెద్దాయన కూర్చుని, ఒక కన్ను మూసుకుని లోపలికి చూశాడు.

"అయ్యో" అన్నాడు మెల్లగా. "ఇన్నాళ్లూ నేను తోమి తోమి ఎలుకలకి పోసింది ఇదా?"

"సీసా నువ్వు కొనలేదు బాబాయ్" అంది లెక్కలక్క.

గాజుసీసాలు తెప్పించి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలని అప్పటికప్పుడే నిర్ణయమైంది. ఇంకో అరవై రోజులు, ఇంకో నలభై ఎలుకలు. అప్పటిదాకా పొడి పనిచేసిందని గట్టిగా అనడానికి లేదు. అయినా ఉల్లిపాప గంతులేస్తూనే ఉంది.

*

ఆ సాయంత్రం ఇంట్లో అన్నాలు వడ్డిస్తూ లెక్కలక్క ఆపుకోలేకపోయింది. దారాల దగ్గర్నుంచి మొదలుపెట్టి గరిటె చేత్తో ఊపుతూ మొత్తం చెప్పేసింది. చెప్పే జోరులో ఆరేళ్లుగా ఇంట్లో పలకని మాట కూడా నోటివెంట వచ్చేసింది.

"ఏంటీ?" అత్తగారు ముద్ద చేతిలోనే ఉంచుకుని తలెత్తింది. "నువ్విన్నాళ్లూ లెక్కపెడుతోంది మగ ఎలుకల... అవా?"

"అవే అత్తయ్యా."

"ఛీ ఛీ! పప్పు ఇటు తే."

భర్త ఫక్కున నవ్వాడు. లెక్కలక్కకీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే అనేసింది: "విచిత్రం చూడండి. తేడా అంతా మంచినీళ్ల గుంపులోనే ఉంది. అది బాగానే ఉంటుందని అందరం అనుకున్నాం. రెండోదాన్నీ మూడోదాన్నీ తిరగేసి మరగేసి చూశాం కానీ, దాని వైపు ఒక్కరం కూడా చూడలేదు."

అన్నాక ఆగింది. అనేదాకా ఆ మాటకి ఇంకో అర్థముందని ఆమెకి తట్టలేదు. పళ్లెంలో పెరుగు కలుపుతున్న భర్త చెయ్యి కూడా ఆగింది. ఆయన తలెత్తి ఆమెనీ, తర్వాత తల్లినీ చూశాడు. తిని లేచాడు. చెయ్యి కడుక్కోవడానికి మాత్రం ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"శుక్రవారం నేనూ వస్తాను."

"తోడెందుకండీ? అత్తయ్య వస్తున్నారుగా."

"తోడు కాదు" అన్నాడు. గోడకున్న మేకుని బొటనవేలితో నొక్కుతున్నాడు. "చూపించుకోడానికి. అమ్మని ఇంట్లో ఉండమను."

ఆమె చేతిలోని గిన్నె జారి తొట్టిలో పడి ఖంగుమంది.

*

శుక్రవారం డాక్టరమ్మ వాళ్లు తెచ్చిన పాత కాగితాల కట్ట తిరగేసి, "ఇవన్నీ ఈవిడవే. మీవేవీ?" అని ఆయన్ని అడిగింది.

"లేవండీ. అందుకే వచ్చాను."

గంటన్నర బయట బెంచీ మీద కూర్చున్నారు. రోజుకి వెయ్యిమందిని ఎక్కించి దింపే మనిషి, ఆ బెంచీ మీద మోకాళ్లు దగ్గరపెట్టుకుని పిల్లాడిలా కూర్చున్నాడు. నర్సు కాగితం తెచ్చిస్తే ఆయన అందుకుని, చదవకుండా ఆమెకిచ్చాడు.

ఆమె చూసింది. ఆ అంకెలు ఆమెకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఉండాల్సినదాంట్లో సగానికి తక్కువ. కదిలేవి ఇంకా తక్కువ. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు ఊహించుకుంది, ఇలాంటి కాగితం ఒకటి చేతికొస్తే ఎలా ఉంటుందోనని. గెలిచినట్టుంటుందనుకుంది. తీరా చూస్తే ఆయన మొహం వైపు చూడ్డానికే కష్టంగా ఉంది.

"తక్కువుందా?"

"తక్కువే ఉంది. సున్నా కాదు."

"నువ్వు లెక్కపెట్టుంటే ఇంకొన్ని వచ్చేవేమో."

"నేను ఎవరికీ ఎక్కువా వెయ్యను, తక్కువా వెయ్యను" అంది. ఆయనకి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్లు తడయ్యాయి. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది, నర్సు చూస్తుండగానే.

డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది: మందులున్నాయి, సిగరెట్లు మానాలి, ఇంజను వేడి పక్కన పది గంటలు కూర్చోవడం తగ్గించుకోవాలి, మూడు నెలలాగి మళ్లీ చూద్దాం.

"ప్లాస్టిక్ వల్లేనంటారా అండీ?" అని ఆయన అడిగాడు.

"ఏమో. ఫలానాదాని వల్లని వేలెత్తి చూపలేం. మందు వాడండి ముందు."

బయటికొచ్చాక ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "ఆ ఉల్లిపొట్టు పొడి కొంచెం..."

"ఎలుకలకే ఇంకా తేలలేదు. మీకు తొందరేమిటి?"

ఇంటికెళ్లేసరికి అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆయన చెప్పులైనా విప్పకుండా కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు.

"నాకు చదవడమొచ్చా? నోటితో చెప్పరా."

"లోపం నాదమ్మా. తనది కాదు. ఆరేళ్లుగా తనది కాదు."

ఆవిడ గుమ్మానికి చెయ్యి ఆనించింది. ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది.

"నువ్వు పుట్టకముందు తొమ్మిదేళ్లు" అంది చివరికి. "నన్ను ఎన్ని గుమ్మాలెక్కించారో, ఎన్ని చేదు కషాయాలు తాగించారో నాకే గుర్తులేదు. మీ నాన్నని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఒక్క మాట అడగలేదురా. అడగొచ్చని నాకూ తెలీలేదు."

కోడలి వైపు చూడలేక వీధి వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే ఎదురింటావిడ బట్టలారేస్తూ గోడ మీంచి తల ఎత్తి కేకేసింది: "ఏమంది వదినా కొత్త డాక్టరు? మీ కోడలికేమన్నా ఆశ ఉందటా?"

అత్తగారు వెనక్కి తిరిగి కొడుకుని చూసింది. ఆయనకి చెవులదాకా ఎర్రబడింది. నేల చూస్తూ, మెల్లగా, చెప్పమన్నట్టు తలూపాడు.

ఆవిడ కొంగు బిగించి రెండు మెట్లు దిగి, వీధి చివరిదాకా వినబడేలా అంది:

"నా కోడలికేం, గుండ్రాయిలా ఉంది! చూపించుకోవాల్సినవాడు మావాడు. వెళ్లి చూపించుకొచ్చాడు. మీ చిన్నాణ్ణి కూడా పంపించు వదినా, మీ కోడల్ని ఊరికే తిప్పుతున్నావు!"